రెండున్నర లక్షల రియల్ ఎస్టేట్ కోర్సు కొనాలా వద్దా: ఒక కుటుంబం కేసు

రియల్ ఎస్టేట్ పెట్టుబడి కోర్సు కొనాలా అని అడిగేవాళ్ళకు బయట రెండే జవాబులు దొరుకుతాయి. ‘అన్నీ మోసాలే, పోవద్దు’ అనేది ఒకటి. ‘నేర్చుకోవడానికి పెట్టిన డబ్బు ఎక్కడికీ పోదు’ అనేది రెండోది. ఈ కుటుంబానికి ఆ రెండు జవాబులూ అందాయి, రెండూ అక్కరకు రాలేదు. నిర్ణయం తేలింది లెక్కలోంచి, రికార్డుల్లోంచి, ఒక వేలం నోటీసులోంచి. ఫీజు తీసుకుని ఆర్థిక సలహా ఇచ్చే పనిలో ఉన్నవాళ్ళకు, ఇలాంటి కోర్సు పేజీ ముందు పెట్టుకుని ఆలోచిస్తున్నవాళ్ళకు ఆ దారి పనికొస్తుందని రాస్తున్నాం. మనుషుల్ని గుర్తు పట్టే వివరాలు మార్చాం. కోర్సు నిర్వాహకుల పేరు చెప్పడం లేదు.

నేపథ్యం

భార్యాభర్తలు ఇద్దరూ హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. ఆయన సాఫ్ట్‌వేర్‌లో, ఆవిడ ప్రైవేటు స్కూల్లో. ఇద్దరిదీ కలిపి చేతికొచ్చేది నెలకు 1,35,000. ఇంటి ఖర్చు 75,000, కారు లోను కిస్తీ 15,000. నెలకు 45,000 మిగులుతోంది. ఫిక్స్‌డ్ డిపాజిట్లు, మ్యూచువల్ ఫండ్లు అన్నీ కలిపి 20 లక్షలు. సొంత ఇల్లు లేదు.

పైకి కనిపించని విషయం ఇంకొకటి ఉంది. ఆవిడ నాన్నగారు 2014లో ఊరి బయట అనుమతి లేని వెంచర్‌లో 200 గజాల ప్లాటు కొన్నారు. 2020లో వెయ్యి రూపాయలు కట్టి, అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేసే ఎల్ఆర్ఎస్ పథకానికి దరఖాస్తు పెట్టారు. ఆ ప్లాటు ఇప్పటికీ అమ్ముడుపోలేదు, అందులో ఇల్లూ లేవలేదు. స్థలం అనే మాట వస్తేనే ఆ ఇంట్లో భయం. కోర్సు మీద ఆశ ఎందుకు కలిగిందో ఈ భయం తెలియకుండా అర్థం కాదు. మొదటి రెండు సమావేశాల్లో ఇది బయటికే రాలేదు.

వచ్చిన సమస్య

ఆయన 99 రూపాయల వెబినార్ చూశారు. అక్కడి నుంచి 4,999 రూపాయల రెండు రోజుల వర్క్‌షాప్‌కు వెళ్ళారు. రెండో రోజు సాయంత్రం అసలు కోర్సు గురించి చెప్పారు: పన్నెండు వారాలు, ఏడాదిపాటు మెంటార్ కాల్స్, వాట్సాప్ గ్రూపు. ఫీజు 2,50,000, పైన 18 శాతం జీఎస్టీ, మొత్తం 2,95,000. ‘ఈ రాత్రి పన్నెండింటి వరకే’ అన్న ధర అది. ఆయన 25,000 టోకెన్ కట్టి వచ్చారు. మిగతాది పన్నెండు నెలల ‘నో కాస్ట్’ ఈఎంఐలో కట్టొచ్చని చెప్పి, ఫోనులో ఒక లోన్ యాప్‌లో కేవైసీ కూడా చేయించారు. ఈ-సంతకం ఒక్కటే మిగిలింది.

ఇద్దరూ ఆర్థిక సలహా కోసం మా దగ్గరికి వచ్చింది మర్నాడు. ఆయన అడిగిన ప్రశ్న, ‘కోర్సు మంచిదేనా సార్?’ ఆవిడ అడిగిన ప్రశ్న, ‘టోకెన్ వెనక్కి వస్తుందా అండీ?’

మొదట ఈ-సంతకం ఆపించాం. కారణం ఫీజు ఒక్కటే కాదు. లోను మంజూరై డబ్బు నిర్వాహకుల ఖాతాకు చేరితే బాకీ లోన్ కంపెనీకి ఉంటుంది, కోర్సు నచ్చకపోయినా కిస్తీ ఆగదు, ఆపితే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. డిజిటల్ లోన్లకు ఆర్‌బీఐ నియమాల ప్రకారం కనీసం ఒక రోజు కూలింగ్ ఆఫ్ గడువు ఉంటుంది. ఆ గడువులో అసలు, అప్పటివరకు పడిన వడ్డీ, ఏదైనా సహేతుకమైన ప్రాసెసింగ్ ఫీజు కట్టి బయటపడొచ్చు. గడువు ఎంతో, లోను షరతులు రాసిచ్చే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో ఉంటుంది. అయితే అది లోను నుంచి బయటపడే దారి మాత్రమే, నిర్వాహకుల నుంచి ఫీజు రప్పించే దారి కాదు. సంతకం పడకముందే ఆగడం అన్నిటికంటే తేలిక.

ఆ ‘రాత్రి పన్నెండు’ గడువు గురించి కూడా తేల్చుకోవాలి. మర్నాటి ఉదయం నిర్వాహకుల మనిషి ఫోన్ చేసి, ‘మీ కోసం ధర ఇంకో రెండు రోజులు ఆపుతాం’ అన్నాడు. దాంతో ఆయన మీద ఒత్తిడి సగం తగ్గింది. గడువు నిజమా కాదా అని తెలుసుకోవడానికి దాన్ని దాటనివ్వడం కంటే చౌకైన పరీక్ష లేదు.

ముందు ప్రయత్నించినవి, ఎందుకు పని చేయలేదు

మొదటిది పాత విద్యార్థులతో మాట్లాడడం. నిర్వాహకులు నాలుగు నంబర్లు ఇచ్చారు. నలుగురూ బాగుందన్నారు. ఇద్దరి దగ్గర రిఫరల్ కోడ్ ఉంది, కొత్తవాళ్ళు చేరితే కమీషన్ వస్తుంది. ఒకాయన చేరి ఐదు నెలలైంది, ఇంకా ఏమీ కొనలేదు గానీ ‘ఆలోచనా విధానం మారింది’ అన్నాడు. ఈ దారి పనికిరాకపోవడానికి కారణం వాళ్ళు అబద్ధం చెబుతారని కాదు. నంబర్లు ఎంచింది అమ్మేవాళ్ళు. మూడు లక్షలు కట్టిన మనిషి ఐదు నెలలకే అది వృథా అని పరాయివాళ్ళకు చెప్పడానికి మనసొప్పదు. పైగా ఆస్తి కొన్నాక అది లాభమో నష్టమో తెలియడానికే మూడు నాలుగేళ్ళు పడుతుంది. ఏడాది కూడా కాని అనుభవం దేన్నీ రుజువు చేయదు.

రెండోది సిలబస్ పోల్చడం. నాలుగైదు వేల కోర్సుల సిలబస్‌లు, ఉచిత వీడియోలు పక్కపక్కన పెట్టాం. తొంభై శాతం ఒకటే. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా) ఎలా చదవాలి, లింక్ డాక్యుమెంట్లు (పాత యజమానుల నాటి పత్రాలు) ఎన్నేళ్ళు చూడాలి, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఎక్కడ చూడాలి, బేరం ఎలా ఆడాలి. మొత్తం 48 గంటల క్లాసుల్లో డాక్యుమెంట్ల పరిశీలనకు ఇచ్చింది మూడు గంటలు. ఇది చూపిస్తే ఆయన ఒప్పుకున్నారు. కానీ కోర్సు మీద మోజు తగ్గలేదు. ‘వీడియోలు చూస్తే తెలుస్తుంది సార్, కానీ వీళ్ళు చేయి పట్టుకుని నడిపిస్తారు కదా’ అన్నారు. మామగారి ప్లాటు సంగతి అప్పుడు బయటపడింది. ఆయన కొనాలనుకుంటున్నది పాఠాలు కావు. సంతకం పెట్టే రోజున పక్కన ఒక తెలిసిన మనిషి ఉన్నాడన్న ధైర్యం. అప్పటి నుంచి ప్రశ్నను అలాగే పెట్టుకున్నాం: ఆ ధైర్యం ఈ డబ్బుకు దొరుకుతుందా, ఇంకెక్కడైనా తక్కువకు దొరుకుతుందా?

మూడోది ఆవిడ చేసిన ప్రయత్నం, ‘ఇది మోసం’ అని తేల్చేయడం. చట్టప్రకారం చూస్తే అది మోసం కాదు. క్లాసులు జరుగుతాయి, రికార్డింగులు వస్తాయి, కాల్స్ ఉంటాయి, జీఎస్టీ బిల్లు ఇస్తారు. అది మోసమని ఆయనకు నిరూపించలేకపోయేసరికి, ‘మోసం కాదు కాబట్టి మంచిదే’ అనే చోటికి ఆయన చేరారు. ఈ జారుడు చాలామందిలో చూస్తాం. మోసం కాని వస్తువు కూడా మనకు పనికిరానిది కావచ్చు.

ఆయన అన్నయ్య డల్లాస్‌లో ఉంటారు. ఇలాంటి కోర్సుల దారి చూపించింది ఆ అన్నయ్యే. అక్కడ హోటల్ హాల్లో ఉచిత సెమినార్, మూడు రోజుల వర్క్‌షాప్, ఆ తర్వాత వేల డాలర్ల ప్యాకేజీ అనే మెట్ల పద్ధతి పాతది. రియల్ ఎస్టేట్ సెమినార్లు అమ్మిన ట్రంప్ యూనివర్సిటీ మీద కేసులు 2016లో రెండున్నర కోట్ల డాలర్ల పరిష్కారంతో ముగిశాయి. ఇళ్ళు కొని అమ్మడం నేర్పుతామన్న జురిక్స్ అనే సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, యూటా రాష్ట్రం కలిసి 2019లో దావా వేశాయి. అమెరికాలో ఉన్న మనవాళ్ళకు ఒక రక్షణ ఉంది. అమ్మేవారి శాశ్వత కార్యాలయం కాని చోట, అంటే హోటల్ హాలు లాంటి చోట, 130 డాలర్లకు పైబడిన కొనుగోలును మూడు పనిదినాల్లో రద్దు చేసుకోవచ్చు. ఇక్కడ అలాంటిదాని మీద ఆధారపడే వీలు లేదు. డబ్బు కట్టకముందు రాతలో ఏముందో అదే మన రక్షణ.

పని చేసినవి

అడ్వాన్సు లెక్క

50 లక్షల పాత ఫ్లాటును నమూనాగా తీసుకున్నాం. 30 లక్షలు దాటి 75 లక్షల వరకు హోమ్ లోన్ అయితే బ్యాంకు ఇచ్చేది గరిష్ఠంగా 80 శాతం. చేతినుంచి 10 లక్షలు పెట్టాలి. తెలంగాణలో స్టాంపు డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, కలిపి 7.5 శాతం, అంటే 3,75,000. దీన్ని బ్యాంకు లోనులో కలపదు. లాయరు, బ్యాంకు చార్జీలు, చిన్న మరమ్మతులు ఒక లక్ష. మొత్తం 14,75,000.

వాళ్ళ దగ్గర ఉన్నది 20 లక్షలు. ఆరు నెలల ఖర్చు, కిస్తీలు కలిపి 5,40,000 పక్కన పెడితే మిగిలేది 14,60,000. దాదాపు సరిగ్గా ఒక్క ఫ్లాటుకు సరిపోయే డబ్బు. అందులోంచి 2,95,000 తీస్తే ఆ ఫ్లాటు చేజారుతుంది. నెలకు 45,000 చొప్పున ఆ సొమ్ము మళ్ళీ కూడడానికి ఆరేడు నెలలు. కొనడం నేర్పే కోర్సు ఫీజే కొనే డబ్బును మింగేస్తుంది.

ఈఎంఐలో కడితే ఇంకా పెద్ద దెబ్బ. టోకెన్ పోగా 2,70,000 పన్నెండు నెలల్లో అంటే నెలకు 22,500. బ్యాంకు ఆదాయంలో సగం వరకు కిస్తీలకు ఒప్పుకుంటుందనుకుందాం, 67,500. కారు కిస్తీ పోగా 52,500. 8.5 శాతం వడ్డీ, ఇరవై ఏళ్ళకు లక్షకు కిస్తీ 868. ఆ లెక్కన 60 లక్షల లోను అర్హత. కోర్సు కిస్తీ కూడా కలిస్తే మిగిలేది 30,000, అర్హత 34.5 లక్షలకు పడిపోతుంది. 50 లక్షల ఫ్లాటుకు కావలసిన 40 లక్షల లోను ఆ ఏడాది రాదు. ఈ అంకె కాగితం మీద చూసినప్పుడే ఆయన మొదటిసారి మౌనంగా కూర్చున్నారు. ఎవరైనా ఇలాంటి కోర్సు కొనేముందు ముందుగా వేయాల్సిన లెక్క ఇదే. చాలామంది అసలు వేయరు.

కోర్సు ఎంత సంపాదించి పెట్టాలి

‘మార్కెట్ కంటే పది పదిహేను శాతం తక్కువకు కొనడం నేర్పుతాం’ అన్నది కోర్సు హామీ. ఫీజు రావాలంటే 50 లక్షల ఫ్లాటులో 5.9 శాతం అదనపు తగ్గింపు కావాలి. అది కూడా పన్నుకు ముందు మాట. రెండేళ్ళలోపు అమ్మితే లాభం స్వల్పకాలికం, 30 శాతం స్లాబులో పడితే సెస్సుతో కలిపి 31.2 శాతం పన్ను. కోర్సు ఫీజును ఆస్తి కొన్న ఖర్చులో చూపించుకోవడం కుదరదు. అంటే చేతిలో 2,95,000 మిగలాలంటే లాభం 4,29,000 అదనంగా రావాలి, 8.6 శాతం. కోర్సు చెప్పిన తగ్గింపులో పెద్ద భాగం కోర్సు ఫీజుకే పోతుంది.

సిలబస్‌లో ‘పాజిటివ్ క్యాష్‌ఫ్లో’ పాఠం మీద ఆయనకు ఆశ ఎక్కువ. అద్దెతోనే కిస్తీ కట్టేయడం అన్నమాట. అమెరికా పద్ధతుల్లోంచి వచ్చిన ఆలోచన అది. ఆయన చూసిన 50 లక్షల ఫ్లాటుకు అద్దె 16,000, ఏడాదికి 1,92,000, అంటే 3.8 శాతం. లోను వడ్డీ 8.5 శాతం. 40 లక్షల లోనుకు కిస్తీ 34,700 పైన. అద్దె 16,000లో మెయింటెనెన్స్, ఇంటి పన్ను, ఏడాదికో నెల ఖాళీ తీసేస్తే 13,000 మిగిలితే గొప్ప. నెలకు 21,000 పైగా జేబులోంచి పడుతుంది. అద్దె రాబడి వడ్డీలో సగం కూడా లేని చోట ఏ పాఠం చెప్పినా ఈ లెక్క మారదు.

‘సొంత డబ్బు లేకుండా’ అనే ఇంకో పాఠం ఉంది. బయానా ఇచ్చి అగ్రిమెంటు రాయించుకుని, గడువులోగా వేరేవాళ్ళకు మార్చేయడం. ఇది మన దగ్గర కొత్త కాదు, ఏ మధ్యవర్తినడిగినా చెబుతాడు. గడువు మూడు నెలలు. మార్కెట్ పరుగెత్తినంతకాలం నడుస్తుంది, ఆగిన రోజున అగ్రిమెంటు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ బయానా పోతుంది. అమరావతి చుట్టుపక్కల ఊళ్ళలో 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రతిపాదన వచ్చాక ఇది ఎలా ఉంటుందో చూసినవాళ్ళు చాలామంది ఉన్నారు. నెల జీతం మీద బతికే కుటుంబానికి ఇది పెట్టుబడి పద్ధతి కాదని మా అభిప్రాయం, కోర్సు ఉచితంగా ఇచ్చినా సరే.

నిర్వాహకులకు రాతపూర్వకంగా ఐదు ప్రశ్నలు

ఫోనులో కాదు, ఈమెయిల్లో పంపించాం. రాతలో వచ్చే జవాబే సాక్ష్యం.

గత రెండేళ్ళలో మీరు చెప్పే పద్ధతిలో మీరు కొన్న మూడు ఆస్తుల డాక్యుమెంటు నంబరు, సంవత్సరం, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం చెప్పండి అన్నది మొదటి ప్రశ్న. అన్నిటికంటే ముఖ్యమైనది కూడా ఇదే. మన రాష్ట్రాల్లో సేల్ డీడు బహిరంగ రికార్డు. ఆ మూడు వివరాలు ఉంటే రిజిస్ట్రేషన్ శాఖ సైటులో ఈసీ తీసి, కొన్నదెవరో, ఎప్పుడో, ఏ విలువకో చూడొచ్చు. నలభై ఆస్తులున్నాయని వేదిక మీద చెప్పే మనిషికి మూడు నంబర్లు ఇవ్వడం కష్టం కాదు. వచ్చిన జవాబు: ‘గోప్యత కారణంగా ఇవ్వలేం.’

ఏడాది కిందటి బ్యాచ్‌లో ఎంతమంది చేరారు, వాళ్ళలో ఎంతమంది రిజిస్ట్రేషన్ చేయించుకున్నారు అని రెండోది. జవాబులో అంకె లేదు, జీవితాలు మారాయన్న మాట ఉంది.

మూడోది, విద్యార్థులకు చూపించే ప్రాజెక్టుల బిల్డర్ల నుంచి మీకు కమీషన్ వస్తుందా, వస్తే మీ రెరా ఏజెంటు నంబరు ఎంత? దీనికి రాతలో జవాబు రాలేదు, ఫోనులో ఒక నంబరు చెప్పారు. సరిచూస్తే అది సరైనదే, వేరే సంస్థ పేరు మీద ఉంది. రెరా చట్టం ప్రకారం నమోదైన ఏజెంటుగా ఉండడం తప్పు కాదు, నిజానికి అలాగే ఉండాలి. కానీ దీంతో వ్యాపారం పూర్తి ఆకారం తెలిసింది. ఫీజు కట్టిన విద్యార్థులే బిల్డరుకు తీసుకెళ్ళే కొనుగోలుదారులు. ‘స్టూడెంట్లకు మాత్రమే’ అని వర్క్‌షాప్‌లో చూపించిన ఒక ప్రాజెక్టుకు రెరా నంబరు ఇంకా రాలేదు. 2016 రెరా చట్టం మూడో సెక్షన్ ప్రకారం నమోదు కావలసిన ప్రాజెక్టును నమోదు కాకుండా ప్రచారం చేయడానికి గానీ బుకింగ్ తీసుకోవడానికి గానీ వీల్లేదు. పదమూడో సెక్షన్ ప్రకారం రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. చేయి పట్టుకుని నడిపించే మనిషికి ఒక బిల్డరు దగ్గర కమీషన్ ఉంటే, ఆ చేయి ఎటు లాగుతుందో ముందే తెలుసుకోవాలి.

నాలుగోది రిఫండ్. ‘ఏడు రోజుల్లోపు, ఒక్క క్లాసు కూడా తెరవకపోతే’ అని జవాబు. క్లాసు చూడకుండా నచ్చలేదని ఎలా తెలుస్తుంది? అలాంటి రిఫండ్ ఉన్నా లేనట్టే లెక్క.

మెంటార్ కాల్‌లో ఎవరు మాట్లాడతారు, ఎంతమంది ఉంటారు, ఎంతసేపు అన్నది ఐదోది. వారానికి ఒకటి, తొంభై నిమిషాలు, దాదాపు అరవైమంది. మనిషికి నిమిషంన్నర. మాట్లాడేది వేదిక మీద చెప్పిన మనిషి కాదు, సహాయకులు. ఆయనకు కావలసిన ధైర్యం ఈ నిమిషంన్నరలో ఉంటుందా అని అడిగితే ఆయనే తల అడ్డంగా ఊపారు.

జీఎస్టీ పోర్టల్‌లో బిల్లు మీదున్న నంబరు వేసి వెతికాం. పేరు, నమోదైన తేదీ, సేవల వివరాలు ఉచితంగా కనిపిస్తాయి. అక్కడ శిక్షణ సేవే ఉంది. సంస్థ ప్రైవేట్ లిమిటెడ్ కాబట్టి కంపెనీల వ్యవహారాల శాఖ సైటులో వంద రూపాయలు కట్టి బ్యాలెన్స్ షీటు చూశాం. ఆదాయం దాదాపు అంతా శిక్షణ ఫీజులే. అద్దెలు లేవు, ఆస్తుల అమ్మకం లేదు. దీన్ని తుది రుజువుగా తీసుకోకూడదు, ఆస్తులు వ్యక్తిగత పేరు మీద ఉండొచ్చు. అందుకే డాక్యుమెంటు నంబర్ల ప్రశ్నకు అంత విలువ. రెండూ కలిపి చూస్తే, ఈ మనిషి ఆస్తులు కొని సంపాదించాడనడానికి ఆధారం ఎక్కడా దొరకలేదు.

కాగితం మీద ఒక వేలం

ఇక్కడికి వచ్చేసరికి ఆయన కోర్సు వద్దనుకునే స్థితిలో ఉన్నారు. అయినా ఇంకో మెట్టు వేయించాం. ఎందుకంటే ‘ఈ కోర్సు వద్దు’ అనుకున్న మనిషి మూడు నెలల్లో ఇంకో వెబినార్‌లో కనిపిస్తాడు. తనకు నిజంగా ఏం కొరవడిందో తెలియనంతకాలం ఏ కోర్సు అయినా మందులాగే కనిపిస్తుంది. అందుకని కోర్సులో ఆయన్ని ఎక్కువ ఆకర్షించిన పాఠం, బ్యాంకు వేలం, తీసుకుని, రూపాయి పెట్టకుండా చివరిదాకా నడిపించాం.

ప్రభుత్వ రంగ బ్యాంకుల వేలాలు ‘బాంక్‌నెట్’ పోర్టల్‌లో ఉంటాయి. అందులో కూకట్‌పల్లి వైపు 1,150 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు ఎంచుకున్నారు. రిజర్వు ధర 46 లక్షలు. బయట అదే అపార్ట్‌మెంటులో 54 లక్షలు అడుగుతున్నారు. చూడగానే ఎనిమిది లక్షల లాభం.

నోటీసు వాక్యం వాక్యం చదివాం. ధరావతు, అంటే పాటకు ముందు కట్టే డిపాజిట్, పది శాతం, 4,60,000. బ్యాంకులు తాకట్టు ఆస్తుల్ని అమ్ముకోవడానికి ఉన్న సర్ఫేసీ చట్టం కింద 2002లో చేసిన నియమాల ప్రకారం, పాట గెలిస్తే ధరావతు కలుపుకుని పాతిక శాతం అదే రోజు, లేదా మర్నాటి పనిదినంలోపు కట్టాలి. అంటే 11,50,000. మిగతా 34,50,000 అమ్మకం ఖరారైన పదిహేను రోజుల్లో. బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే గడువు పెంచుకోవచ్చు, అదీ మూడు నెలలకు మించదు. కట్టలేకపోతే కట్టింది పోతుంది. పాతిక శాతం మొత్తాన్నీ జప్తు చేయడం సరైనదేనని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరిలో ఒక కేసులో చెప్పింది కూడా.

ఆయన తన బ్యాంకుకు వెళ్ళి వేలం ఆస్తికి లోను అడిగారు. ఇస్తారు, కానీ లీగల్, వాల్యుయేషన్ అయ్యి మంజూరు కావడానికి మూడు నుంచి ఐదు వారాలన్నారు. ఫ్లాటు స్వాధీనం నోటీసులో ‘సింబాలిక్’ అని ఉంది. అంటే స్వాధీనం కాగితం మీదే, లోపల ఇంకా మనుషులున్నారు. బ్యాంకు భౌతిక స్వాధీనం కోసం మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళాలి, అప్పు తీసుకున్నవాళ్ళు బ్యాంకు బాకీల కేసులు చూసే డెట్ రికవరీ ట్రిబ్యునల్‌కు వెళ్ళి ఉంటే ఇంకా ఆలస్యం. ‘ఉన్నది ఉన్నట్టుగా’ అమ్మకం కాబట్టి అపార్ట్‌మెంటు అసోసియేషన్ బాకీ, ఇంటి పన్ను బాకీ కొన్నవాళ్ళ తలకే చుట్టుకుంటాయి. వాచ్‌మన్‌ను అడిగితే మూడేళ్ళుగా మెయింటెనెన్స్ కట్టలేదని తెలిసింది. ఎనిమిది లక్షల తేడా ఎందుకుందో అప్పుడు అర్థమైంది.

ఆ కాగితాలన్నీ ఆయన తనంతట తానే నాలుగు వారాల్లో సేకరించారు. అర్థం కాని చోట్ల లాయరును అడిగారు. కోర్సు నేర్పేదంతా ఆయనకు దాదాపు వచ్చేసింది. అయినా ఆ ఫ్లాటు కొనలేరు. అడ్డం తెలివితేటలది కాదు, పదిహేను రోజుల్లో 34,50,000 తేగలగడం. ఏ క్లాసూ దాన్ని ఇవ్వదు. మా దృష్టిలో ఈ కేసంతటికీ ఇదే కీలకం: తర్వాతి కొనుగోలుకు అడ్డంగా ఉన్నదేమిటో ముందు పేరు పెట్టి చెప్పగలగాలి. అది జ్ఞానం అయితేనే కోర్సు ధర గురించి మాట్లాడాలి.

పక్కన ఉండే మనిషి

ఆయన భయానికి జవాబు చెప్పకుండా ఊరుకుంటే పని సగంలో ఆగినట్టే. ఫ్లాటు పత్రాలన్నీ చూసి లిఖితపూర్వక లీగల్ ఒపీనియన్ ఇవ్వడానికి అడిగిన ముగ్గురు లాయర్లు 8,000 నుంచి 15,000 వరకు చెప్పారు. గోడలు, లీకేజీలు చూడడానికి సివిల్ ఇంజనీరు 5,000. పన్ను సంగతి చార్టర్డ్ అకౌంటెంటుతో ఒక గంట, 3,000. అన్నీ కలిపి ఒక ఆస్తికి 23,000 లోపు. కోర్సు డబ్బుతో ఇలా పన్నెండు ఆస్తుల్ని క్షుణ్ణంగా పరిశీలించవచ్చు. ఇందులో ఎవరికీ బిల్డరు కమీషన్ లేదు. ఆస్తి వద్దని చెప్పినా వాళ్ళ ఫీజు వాళ్ళకు వస్తుంది. సలహా ఇచ్చే మనిషిని ఎంచుకునేటప్పుడు మేము మొదట చూసేది ఈ చివరి మాటనే.

టోకెన్ సంగతి

నిర్వాహకుల షరతుల్లో ‘టోకెన్ వాపసు లేదు’ అని ఉంది, కానీ ఆ షరతులు డబ్బు కట్టాక వచ్చిన ఈమెయిల్లో ఉన్నాయి. మొదట వాళ్ళకే రాతపూర్వకంగా అడిగించాం: సేవ ఏదీ వాడుకోలేదు, షరతు ముందు చూపలేదు, ‘రాత్రి వరకే’ అన్న గడువు మర్నాడు కూడా కొనసాగింది. వాట్సాప్ సందేశాల స్క్రీన్‌షాట్లు జత చేశాం. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయించాం. రెండు వారాల్లో ‘ప్రాసెసింగ్’ కింద 5,000 మినహాయించి 20,000 ఇస్తామన్నారు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళొచ్చు, ఐదు లక్షల లోపు కేసుకు ఫీజు కూడా లేదు. కానీ వాయిదాలకు సెలవులు పెట్టాల్సి వస్తుంది. ఆవిడ ఒప్పుకుందామన్నారు, ఆయన సరేనన్నారు.

ఆ తర్వాత

ఎనిమిది నెలల్లో రెండు పాత ఫ్లాట్లు లాయరు దగ్గరికి వెళ్ళాయి. మొదటిదానిలో లింక్ డాక్యుమెంటు ఒకటి, జీపీఏ (మామూలుగా యజమాని బతికి ఉన్నంతవరకే చెల్లే అధికార పత్రం) ఇచ్చిన యజమాని చనిపోయాక ఆ జీపీఏతో రాసినదని తేలింది. రెండోదానిలో పై అంతస్తు మంజూరైన ప్లానులో లేదు, అమ్మకానికి పెట్టిన ఫ్లాటు ఆ అంతస్తులోదే. రెండూ వదిలేశారు. లాయరుకు 20,000 అయింది. ఆవిడ దీన్ని నష్టంగా అనుకోలేదు. నాన్నగారి ప్లాటుకు ఆ రోజుల్లో ఇలా ఒకరు చూసి ఉంటే బాగుండేదన్నారు. మూడో ఫ్లాటు పత్రాలు ఇప్పుడు పరిశీలనలో ఉన్నాయి.

ఇదే కోర్సును ఇంకొకరు తెచ్చి అడిగితే జవాబు వేరుగా ఉండే సందర్భాలూ ఉన్నాయి. ఇప్పటికే రెండు మూడు ఆస్తులు కొన్న మనిషి, చేతిలో అప్పు లేని డబ్బు ఉండి, ఫలానా పని రాదని తనకే స్పష్టంగా తెలిసినవాడు, ఉదాహరణకు వేలం ఆస్తుల్లో ట్రిబ్యునల్ రికార్డులు చదవడమో, డెవలప్‌మెంట్ అగ్రిమెంటులో వాటా లెక్కలు రాయించుకోవడమో, అలాంటివాడు ఆ ఒక్క పని నేర్పే కోర్సుకు డబ్బు పెట్టొచ్చు. నేర్పేవాళ్ళు డాక్యుమెంటు నంబర్లు ఇవ్వాలి. ఫీజు చేతిలో ఉన్న పెట్టుబడి డబ్బులో రెండు శాతం దాటకూడదన్నది మేము పెట్టుకున్న హద్దు. ఈ కుటుంబం 14,60,000కు అది 29,000. పది రెట్లు ఎక్కువ అడిగారు.